దీపం పట్టుకోకముందు: కొత్త నర్సుగా ఫ్లోరెన్స్ నైటింగేల్

మా అన్నయ్య మనవరాలు షోలాపూర్‌లో నర్సింగు చదువు ముగించి కిందటేడు ఒక పెద్ద ఆసుపత్రిలో డ్యూటీలో చేరింది. సాంచాల మోతలో పుట్టి పెరిగిన పిల్ల, దేనికీ బెదరదులే అనుకున్నాం. మొదటి నెల తిరక్కుండానే రాత్రి డ్యూటీ మధ్యలో ఫోన్ చేసి ఏడ్చింది. పని చేతకాక కాదు. ఏదైనా అడిగితే ఇంతమాత్రం తెలీదా అంటారట, అడక్కుండా చేస్తే ఎందుకు అడగలేదంటారట. ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. రాత్రిపూట మగవాళ్ళ వార్డుల్లో తిరిగే ఉద్యోగం మనింటి పిల్లకెందుకు, రేపు సంబంధాలు రావు, మానేసి వచ్చెయ్యమన్నారు. నేను మానెయ్యమనలేదు గానీ, ఏం చెప్పాలో నాకూ తోచలేదు.

ఆ తర్వాతే ఫ్లోరెన్స్ నైటింగేల్ చరిత్ర మళ్ళీ తీసి చదివాను. మనందరం చిన్నప్పుడు బడిలో చదువుకున్న పేరే. చేతిలో దీపం, మంచాల మీద సైనికులు, అంతవరకే గుర్తు. ఆమె కూడా ఒకప్పుడు కొత్త నర్సేననీ, ఆ పని నేర్చుకోడానికి ఇంట్లో ఒప్పించడానికే ఏళ్ళకేళ్ళు పట్టిందనీ ఆ పాఠంలో లేదు. మన ఫెడరేషన్ వార్షికోత్సవ సంచికకు ఒక గొప్పవారి జీవితం రాయమన్నప్పుడు అందుకే ఈ పేరు ఎంచుకున్నాను. మన ఇళ్ళ నుంచి ఆడపిల్లలు ఈ వృత్తికి వెళ్తున్న రోజులివి.

ఆమె పుట్టింది 1820 మే 12న, ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో. తల్లిదండ్రులు ఇంగ్లీషువాళ్ళు, పెళ్ళయ్యాక యూరప్ తిరుగుతున్నారు. పుట్టిన ఊరి పేరే పిల్లకు పెట్టారు. అంతకు ముందు ఏడాది నేపుల్స్‌లో పుట్టిన అక్కకు ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థెనోపీ అని పెట్టారు. తండ్రి విలియం బాగా కలిగినవాడు. ఆ కలిమి ఎక్కడిదో మనం తెలుసుకోవాలి. డెర్బీషైర్‌లో సీసం కరిగించే వ్యాపారం ఒకటి, నూలు మిల్లు ఇంకొకటి. తండ్రికి ఆస్తి ఇచ్చిపోయిన ముసలి బంధువు పీటర్ నైటింగేల్ 1784లో జాన్ స్మెడ్లీ అనే ఆయనతో కలిసి లీ అనే ఊళ్ళో నూలు వడికే మిల్లు పెట్టాడు. మిల్లు నూలు, మిల్లు గుడ్డ వచ్చి మన తాతముత్తాతల రాట్నాలనూ మగ్గాలనూ ఏం చేశాయో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆ సొమ్ములో పెరిగిన పిల్లే ఫ్లోరెన్స్. ఇది ఆమె తప్పు కాదు, కానీ నేతవాళ్ళ సంచికలో రాసేటప్పుడు దాటేసే విషయమూ కాదు.

తండ్రి కూతుళ్ళిద్దరికీ తానే గ్రీకు, లాటిను, చరిత్ర, తత్వశాస్త్రం చెప్పాడు. ఫ్లోరెన్సుకు లెక్కలంటే ప్రాణం. పదహారేళ్ళు నిండి పదిహేడో ఏడు నడుస్తుండగా, 1837 ఫిబ్రవరిలో, దేవుడు తనను సేవకు పిలిచాడని రాసిపెట్టుకుంది. ఏ సేవో తనకే తెలీదు. ఎండాకాలం ఒక బంగళా, చలికాలం ఇంకో బంగళా, మధ్యలో లండన్ విందులు. పల్లెల్లో పేదల ఇళ్ళకు వెళ్ళి జబ్బుపడినవాళ్ళ దగ్గర కూర్చోవడం మాత్రం మానలేదు. అక్కడే ఆమెకు ఒక సంగతి తెలిసింది. మనసు మంచిదైనంత మాత్రాన రోగిని చూసుకోవడం రాదు, దాన్ని కూడా పని నేర్చుకున్నట్టు నేర్చుకోవాలి.

1845 డిసెంబరులో ధైర్యం చేసి ఇంట్లో అడిగింది. దగ్గర్లోని సాలిస్‌బరీ ఆసుపత్రి పెద్ద డాక్టరు తమ కుటుంబానికి స్నేహితుడే, అక్కడ మూడు నెలలు ఉండి పని నేర్చుకుంటానంది. ఇల్లు గగ్గోలెత్తిపోయింది. తల్లి హడలిపోయింది, అక్క మూర్ఛలు తెచ్చుకుంది, తండ్రి విసుక్కుని పక్కకు తప్పుకున్నాడు.

తల్లిని తిట్టేముందు అప్పటి ఆసుపత్రుల సంగతి చూడాలి. డబ్బున్నవాళ్ళకు వైద్యం ఇంట్లోనే జరిగేది. ఆసుపత్రికి పోయేది గతిలేని పేదలు. మంచాలు దగ్గరదగ్గరగా వేసి, కిటికీలు మూసి, దుర్వాసనలో ఉంచేవాళ్ళు. నర్సు అంటే నేల తుడిచి, కుండలు ఎత్తిపోసే కూలి మనిషి. చాలాచోట్ల వార్డులోనో, దాని పక్క గూట్లోనో పడుకునేది. తాగుడు మామూలు. ఎవరూ ఏదీ నేర్పేవాళ్ళు కాదు, పరీక్ష లేదు, పట్టా లేదు. పరువుగల ఇంటి పిల్ల ఆ పనికి పోతానంటే ఎవరింట్లోనైనా అదే గోల జరిగేది. తల్లి భయం అబద్ధం కాదు. భయపడి దారి మూసేసింది, అదీ చిక్కు.

అక్కణ్ణుంచి మరో ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళే నాకు ఆమె జీవితంలో అన్నింటికన్నా పెద్దవిగా కనిపిస్తాయి. తెల్లవారకముందే లేచి, చలిలో కొవ్వొత్తి వెలుగులో ఆసుపత్రుల నివేదికలు, ప్రజారోగ్యం మీద ప్రభుత్వం అచ్చువేసిన లెక్కలు చదివి నోట్సు రాసుకునేది. టిఫిను గంట కొట్టగానే ఏమీ ఎరగనట్టు కిందికొచ్చి చక్కని కూతురిలా కూర్చునేది. ఒక్క వార్డులోనూ పనిచెయ్యకుండానే యూరప్ ఆసుపత్రుల గురించి ఎవర్నడిగినా చెప్పలేనంత సంగతి బుర్రలో పెట్టుకుంది. ఎన్నో ఏళ్ళుగా తనను కోరుకుంటున్న రిచర్డ్ మాంక్‌టన్ మిల్న్స్ అనే మంచి సంబంధాన్ని 1849లో కాదంది. అతనంటే ఇష్టం లేక కాదు. పెళ్ళి చేసుకుంటే మళ్ళీ ఆ విందుల బతుకేనని. ఆ బాధ ఆమెను చాలాకాలం వదల్లేదు.

ఇంట్లో దిగులు చూడలేక స్నేహితులైన బ్రేస్‌బ్రిడ్జి దంపతులు ఆమెను ఈజిప్టు, గ్రీసు తీసుకెళ్ళారు. ఏథెన్సులో పిల్లలు ఆడిస్తున్న ఒక గుడ్లగూబ పిల్లను కాపాడి, ఏథీనా అని పేరు పెట్టి, జేబులో పెట్టుకుని తిరిగేది. తిరుగు ప్రయాణంలో, 1850లో, జర్మనీలో రైన్ నది ఒడ్డున కైజర్స్‌వెర్త్ అనే చోట రెండు వారాలు ఆగింది. అక్కడ పాస్టర్ ఫ్లీడ్నర్ అనే ఆయన 1836లో ఆసుపత్రి పెట్టి, అందులో పల్లెటూరి ఆడవాళ్ళకు రోగుల సేవ నేర్పుతున్నాడు. మరుసటి ఏడు, 1851 జూలైలో, తల్లీ అక్కా నీళ్ళ వైద్యానికి కార్ల్స్‌బాడ్ వెళ్తే, ఈమె మూడు నెలలకు కైజర్స్‌వెర్త్‌లో చేరింది. ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో కట్టడి. అప్పటికి ఆమెకు ముప్పై ఒక్క ఏళ్ళు!

తెల్లవారుజామున ఐదింటికి లేవడం, జావలాంటి తిండి, రోజంతా పని. ఆపరేషను దగ్గర నిలబడి చూసింది. మత్తుమందు వాడకం అప్పుడప్పుడే మొదలైన రోజులవి. ఇంట్లో నౌకర్లు తెచ్చిన నీళ్ళు తాగిన చేతులతోనే పుండ్లకు కట్లు కట్టింది. ఐతే ఆమె కళ్ళు మూసుకుని పొగిడే మనిషి కాదు. అక్కడి మనుషుల మనసు గొప్పది గానీ, నర్సింగు పని, శుభ్రత మాత్రం పూజ్యమని తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. నేర్పిన చోటును గౌరవిస్తూనే అక్కడ లేనిది లేదనగలగడం కొత్తవాళ్ళందరికీ రాదు.

మొదటి ఉద్యోగం 1853 ఆగస్టులో దొరికింది. లండన్ అప్పర్ హార్లీ స్ట్రీట్ 1వ నంబరు ఇంట్లో, బతికి చెడ్డ కుటుంబాల ఆడవాళ్ళ కోసం నడిచే చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంటు. జీతం లేదు. తండ్రి మనసు మార్చుకుని ఏడాదికి 500 పౌన్లు ఏర్పాటు చేశాడు కాబట్టి సాగింది. వెళ్ళీ వెళ్ళగానే ఆమె చూసింది నర్సు కాళ్ళ వైపు. వేడినీళ్ళకోసం, భోజనంకోసం, గంట మోగినప్పుడల్లా ఎవరు పిలిచారో చూడ్డంకోసం రోజుకెన్నిసార్లు మెట్లెక్కి దిగుతోంది ఆ మనిషి? వేడినీళ్ళు పై అంతస్తు దాకా గొట్టాల్లో రావాలంది. భోజనం పైకి లాగే చిన్న లిఫ్టు పెట్టించమంది. ఏ రోగి గంట లాగిందో తెలిసేలా ప్రతి గంటకూ గుర్తు పెట్టించమంది. నేతగాడు కండెలకోసం మాటిమాటికీ మగ్గం దిగితే గుడ్డెప్పుడు దిగుతుంది? అదే లెక్క. కమిటీలో పెద్దింటి ఆడవాళ్ళు తమ మతం వాళ్ళనే చేర్చుకోవాలన్నారు. కేథలిక్కులనూ, యూదులనూ చేర్చుకోకపోతే తాను ఉండనంది, మాట నెగ్గించుకుంది.

ఏడాదికే యుద్ధం వచ్చింది. రష్యా మీద బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీ కలిసి చేసిన క్రిమియా యుద్ధం. గాయపడ్డ బ్రిటిషు సైనికులకు కట్టుగుడ్డలు కూడా లేవని 1854 అక్టోబరులో టైమ్స్ పత్రికలో పడింది. యుద్ధశాఖ చూస్తున్న సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు పాత స్నేహితుడు. నర్సులను తీసుకుని వెళ్ళమని ఆయన రాసిన ఉత్తరమూ, వెళ్తానని ఆమె రాసిన ఉత్తరమూ దారిలో ఎదురుపడ్డాయి. బయల్దేరే హడావుడిలో ఏథీనా గుడ్లగూబను ఎవరూ పట్టించుకోక అది చచ్చిపోయింది. అక్టోబరు 21న 38 మంది ఆడవాళ్ళతో బయల్దేరి నవంబరు 4న ఇస్తాంబుల్‌కి ఎదురుగా ఉన్న స్కుటారి బ్యారక్ ఆసుపత్రికి చేరింది. ఆ 38 మందిలో 14 మంది మామూలు ఆసుపత్రి నర్సులు, మిగతావాళ్ళు కేథలిక్కు, ఆంగ్లికన్ మఠాల వాళ్ళు.

ఇక్కడ మన పాఠ్యపుస్తకం దీపం వెలిగిస్తుంది. నిజానికి మొదట జరిగింది వేరు. మిలిటరీ డాక్టర్లు వాళ్ళను వార్డుల్లోకి రానివ్వలేదు. అంతదూరం ఓడలో వాంతులు చేసుకుంటూ వచ్చిన నర్సులు గోడ అవతల మూలుగులు వింటూ కూర్చున్నారు. ఫ్లోరెన్స్ దెబ్బలాడలేదు. డాక్టరు పిలవనిదే ఒక్క నర్సూ రోగి మంచం దగ్గరికి పోకూడదని కట్టడి చేసింది. మరి ఏం చేశారు? పాత గుడ్డలు ఏరి, లెక్కపెట్టి, కట్లుగా చింపారు. చొక్కాలు కుట్టారు. విరిగిన చేతులకు జోలెలు, తెగిన కాళ్ళ కింద పెట్టడానికి చిన్న దిండ్లు కుట్టారు. నర్సులకు ఇది అవమానంలా తోచింది. ఇంతలో ఇంకర్‌మన్ యుద్ధంలో గాయపడ్డవాళ్ళు ఓడలకొద్దీ దిగారు. చేతులు చాలక డాక్టర్లే పిలిచారు. అప్పటికి కుట్టినవన్నీ సిద్ధంగా ఉన్నాయి.

ఆ ఆసుపత్రి కథలో సగం గుడ్డ కథేనని మనవాళ్ళకు తప్ప ఎవరికీ తట్టదు. పక్కదుప్పట్లు కేన్వాసువి. ఎంత ముతకంటే, గాయాలకు ఒరుసుకుంటున్నాయి, మా కంబళ్ళే మాకుంచండని సైనికులు బతిమాలుకున్నారు. నేసినవాడు పక్క మీద పడుకునేవాణ్ణి తలుచుకోకపోతే ఇంతే. సామాను స్టోరుకు చేరినా, బోర్డు కూర్చుని చూసి సంతకం పెట్టందే విప్పడానికి వీల్లేదు. ఫ్లోరెన్స్ టైమ్స్ పాఠకులు పోగుచేసిన నిధితో బజారులో చొక్కాలు, తువ్వాళ్ళు, సబ్బు, పళ్ళేలు తనే కొనిపించింది. ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలకు కూలి ఇచ్చి బట్టలు ఉతికించింది. మన రాజపాళయం పక్కన ఛత్రపట్టిలో నేసే కట్టుగుడ్డ, షోలాపూర్ తువ్వాలు ఏ ఆసుపత్రికి పోతాయో మనకు కనిపించదు. చేరాల్సిన చోట చేరకపోతే ఏమవుతుందో ఆ చలికాలం చెబుతుంది.

ఆమె కింద ఉన్న కొత్త నర్సుల పాట్లూ తక్కువ కాదు. హడావుడిగా లండన్‌లో కుట్టించిన బూడిదరంగు ముతక గౌన్లు, ఎవరి కొలతా ఎవరికీ కుదర్లేదు. పొట్టివాళ్ళకు నేల ఊడ్చేవి, పొడుగువాళ్ళకు పైకి పోయేవి. స్కుటారి ఆసుపత్రి అని ఎర్రదారంతో కుట్టిన కండువా ఒకటి. ఒకావిడైతే, అన్నీ ఓర్చుకుంటాను గానీ ఈ టోపీ నా ముఖానికి నప్పలేదు, ముందే తెలిస్తే వచ్చేదాన్నే కాదని మొరపెట్టుకుంది. ఇద్దరు ముగ్గురు తాగి దొరికితే వెనక్కి పంపేసింది. చెప్పాపెట్టకుండా డిసెంబరులో ఇంకో జట్టు నర్సులు దిగితే, ఉన్నవాళ్ళకే చోటులేదని మండిపడింది. ఆమె అందరికీ తియ్యని తల్లి అనుకుంటే పొరపాటు. గట్టి మనిషి, కొన్నిసార్లు మొండి మనిషి. జమైకా నుంచి వచ్చిన మేరీ సీకోల్, కలరా రోగులను చూసుకున్న అనుభవం ఉండి కూడా, ఈ నర్సుల జట్టులో చోటు దొరక్క, తన ఖర్చుతో క్రిమియా వెళ్ళి సైనికులకు తిండీ మందూ పెట్టింది. ఆమెకు రావలసిన పేరు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఇక దీపం. బొమ్మల్లో చూపే నూనె ప్రమిద కాదది. మైనం పూసిన గుడ్డను మడతలు మడతలుగా కూర్చి, లోపల కొవ్వొత్తి పెట్టే టర్కీ లాంతరు. రాత్రి ఎనిమిది దాటాక వార్డుల్లో వేరే ఆడవాళ్ళెవరూ తిరక్కూడదు, ఆమె ఒక్కతే తిరిగేది.

అంత చేసినా ఆ చలికాలం సైనికులు చచ్చిపోతూనే ఉన్నారు. 1855 ఫిబ్రవరిలో చేరినవాళ్ళలో నూటికి 42 మందికి పైగా పోయారు. గాయాలకన్నా విరేచనాలు, జ్వరాలతో పోయినవాళ్ళే ఎక్కువ. ఆసుపత్రి కింద మురుగు కాలవలు పూడిపోయి ఉన్నాయి. మార్చిలో వచ్చిన శానిటరీ కమిషను ఆ మురుగు తోడించి, నీళ్ళు బాగుచేయించి, గాలి వచ్చేలా చేశాక ఎండాకాలానికి అది నూటికి రెండు దాకా దిగింది. ఇంగ్లండు తిరిగొచ్చాక విలియం ఫార్ అనే గణాంకాల నిపుణుడితో కూర్చుని ఈ లెక్క తేల్చినప్పుడు, తన కళ్ళెదుట అన్ని ప్రాణాలు పోవడానికి అసలు కారణం తాను అప్పుడు గుర్తించలేదని ఆమెకు తెలిసింది. దాచుకోలేదు. ఆ లెక్కలను రంగుల చక్రాల బొమ్మలుగా గీసి మంత్రుల ముందు పెట్టింది. క్రిమియాలో పట్టిన జ్వరం తాలూకు జబ్బుతో మిగతా జీవితం చాలావరకు మంచం మీదే, పని మాత్రం అక్కణ్ణుంచే.

జనం ఆమె పేరున పోగుచేసిన నిధి 44 వేల పౌన్లకు పైమాటే. ఆ డబ్బుతో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల బడి మొదలైంది. మొదటి జట్టు 15 మంది. ఏడాది శిక్షణ. భోజనం, వసతి, యూనిఫారం, బట్టల ఉతుకు అన్నీ బడివే, పైగా ఏడాదికి 10 పౌన్లు చేతికి. ఇదే నాకు అన్నింటికన్నా నచ్చిన సంగతి. తనకు తండ్రి 500 పౌన్లు ఇచ్చాడు గనక తాను నేర్చుకోగలిగింది. పేదింటి పిల్లకు నేర్చుకునే రోజుల్లోనే కూడూ గుడ్డా దొరకాలని చూసింది. నర్సుకు ఇంట్లో పనిమనిషికి నేర్పినంత నేర్పితే చాలని అదే ఆసుపత్రి పెద్ద సర్జను ఒకాయన అప్పటికే పుస్తకం అచ్చువేశాడు. ఐనా బడి నిలిచింది.

అక్కడ నేర్చిన ఆగ్నెస్ జోన్స్ 1865లో 12 మంది నర్సులతో లివర్‌పూల్ అనాథల ఆసుపత్రికి వెళ్ళింది. వెయ్యికి పైగా రోగులు, తాగుబోతు సహాయకులు. మూడేళ్ళకే టైఫస్ జ్వరంతో, ముప్పై అయిదేళ్ళ వయసులో పోయింది. ఈ వృత్తిలో మొదటి వరసలో నడిచినవాళ్ళు ఇలాంటి వెలే కట్టారు. 1871లో మన మద్రాసు జనరల్ ఆసుపత్రిలోనూ నర్సులకు శిక్షణ మొదలైంది.

ఆమె ఎప్పుడూ ఇండియా రాలేదు. ఐనా ఇక్కడి సైన్యం ఆరోగ్యం మీద 1859లో వేసిన కమిషనుకోసం ఊరూరి లెక్కలూ తెప్పించుకుని చదివింది. 1876-78 మద్రాసు కరువులో గుడ్డ కొనే దిక్కులేక నేతవాళ్ళు ముందుగా కూలబడ్డారు. ఊళ్ళు వదిలి వచ్చిన కుటుంబాల కథలు మన ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కరువు మీద ఆమె ఇంగ్లండు పత్రికల్లో గట్టిగా రాసింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపి, కాలవలు తవ్వండని ఆయన పక్షాన వాదించింది. యానాం వైపు బంధువులకు కాటన్ దొర ఎవరో నేను చెప్పాలా!

ముసలితనంలో కొత్తగా చేరిన నర్సు పిల్లలను ఒక్కొక్కరినే ఇంటికి పిలిచి టీ ఇచ్చి, వార్డులో ఏం జరుగుతోందో అడిగి తెలుసుకునేది. వాళ్ళు వెళ్ళాక ఎవరెలాంటివాళ్ళో పెన్సిలుతో రాసి పెట్టుకునేది. చివరి ఏళ్ళలో చూపు పోయింది. 1910 ఆగస్టు 13న, తొంభై ఏళ్ళ వయసులో, నిద్రలో కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి ఇస్తామంటే కుటుంబం వద్దంది. ఈస్ట్ వెల్లో అనే పల్లెలో అమ్మానాన్నల పక్కన పెట్టారు. రాతి మీద పేరు లేదు, రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ.

మనవరాలికి ఇందులో సగం ఫోన్‌లోనే చెప్పాను. టోపీ సంగతి దగ్గర నవ్వింది. డ్యూటీ టైమైందని మిగతా సగం వినకుండానే పెట్టేసింది.